లోహపు మెడ గిటారుకు కొత్త మెట్లు

గిటారు మన సంఘాలకు కొత్త కాదు. క్రిస్మస్ కేరల్స్‌కు రాత్రంతా ఊరు తిరిగే యౌవనస్థుల భుజాన అది ఉండనే ఉంటుంది. అయితే దాని మెడమీద అడ్డంగా బిగించిన సన్నని కమ్మీలు వాయించగా వాయించగా అరిగిపోతాయని, వాటిని పీకి కొత్తవి వేయవచ్చని మనలో చాలామందికి తెలియదు. శ్రుతి కలవడం లేదని ఆ గిటారును అటక మీద పడేస్తారు. ఆ కమ్మీలను ఇంగ్లీషులో ఫ్రెట్లు అంటారు. వీణకు మనం మెట్లు అంటాము గనుక ఇక్కడ ఆ మాటే వాడుతున్నాము. వీణ మెట్లు మైనంలో నిలబడతాయి. మైనం కరిగించి మళ్ళీ మేళం కట్టుకోవచ్చు. గిటారు మెట్లు అలా కాదు, కోసిన గాడిలోకి బిగుసుకొని ఉంటాయి. వాటిని కదిలించాలంటే కొంచెం ధైర్యం కావాలి.

మేము అమెరికాలోని న్యూజెర్సీలో ఉంటున్నాము. మా తెలుగు సంఘము ఆదివారం మధ్యాహ్నం ఒక పాత అమెరికన్ సంఘపు మందిరంలో కూడుకుంటుంది. ఉదయం ఆరాధన వారిది. ఒకప్పుడు నిండుగా ఉన్న సంఘమట, ఇప్పుడు పాతికమందికి మించి రారు. అందరూ తల నెరసినవారే. వారిలో ఒక అమ్మగారు మా పిల్లల పాటలు వినడానికని మధ్యాహ్నం దాకా ఉండిపోయేవారు. ఒక్క మాట అర్థం కాకపోయినా చివరి బెంచీలో కూర్చొని తాళం వేసేవారు. పోయిన ఏడాది ఆమె తన భర్త వాయించిన గిటారును తెచ్చి మా పెద్దవాడి చేతిలో పెట్టారు. ఆయన చనిపోయి అప్పటికి ఆరు సంవత్సరాలు.

పెట్టె తెరిస్తే మాకు ఆశ్చర్యం వేసింది. దాని మెడ అల్యూమినియం! తల భాగం పంగల కర్రలాగా రెండుగా చీలి ఉంది. అది క్రేమర్ అనే కంపెనీ గిటారు. ఆ కంపెనీ మా రాష్ట్రంలోనే నెప్ట్యూన్ అనే ఊరిలో 1976లో ఇలాంటివి చేయడం మొదలుపెట్టింది. అంతకు రెండేళ్ళ ముందే, 1974లో, కాలిఫోర్నియాలో ట్రావిస్ బీన్ అనే ఆయన అల్యూమినియం మెడ గిటార్లు చేయించాడు. చెక్క చలికి, తేమకు వంగుతుంది, లోహం వంగదు, స్వరం కూడా ఎక్కువసేపు నిలుస్తుంది అన్నది వీరి ఆలోచన. అయితే లోహం చేతికి చల్లగా తగులుతుంది గదా. అందుకని క్రేమర్‌వారు మెడ వెనుక వైపు రెండు చెక్క బద్దీలు పొదిగారు. ఇంత చేసినా జనం చెక్కనే ఇష్టపడ్డారు. 1980ల మొదట్లో ఆ కంపెనీ కూడా చెక్క మెడలకు మళ్ళింది.

మెడ నిజంగానే వంగలేదు. దాదాపు ఏభై ఏళ్ళయినా గీటు పెట్టినట్టు ఉంది. అరిగినవి మెట్లు. మొదటి మూడు మెట్ల మీద తీగల కింద గోరు దిగేంత గుంటలు! జి, సి, డి అనే మూడు కార్డులకు వ్రేళ్ళు పడే చోట్లవి. సంఘ కీర్తనలు చాలావరకు ఆ మూడింటితోనే నడుస్తాయి. ఏ పాటలు ఎంత వాయించారో ఆ గుంటలే చెబుతున్నాయి. పదో మెట్టు దాటిన తరువాత అన్నీ కొత్తవాటిలాగే మెరుస్తున్నాయి. పాపం, ఆయన అటువైపు వెళ్ళినట్టే లేదు.

అరిగిన మెట్టుమీద నొక్కితే తీగ పక్క మెట్టును తాకి జుయ్యిమంటుంది. మా వాడు రెండు నెలలు అలాగే వాయించాడు. బాగుచేయించుదామని ఒక దుకాణానికి తీసుకువెళితే, లోహపు మెడ అయితే ముట్టుకోమన్నారు. ఇంకో చోట బాగుచేయము గాని కొంటాము అన్నారు. ఇలాంటివి పోగుచేసేవారు మంచి ధర ఇస్తారట. ఈ మాట సంఘ పెద్దల దాకా వెళ్ళింది. అమ్మేసి ఆ డబ్బుతో రెండు కొత్త గిటార్లు, ఒక స్పీకరు కొనుక్కోవచ్చు గదా అని ఒక పెద్దాయన అన్నారు. లెక్క ప్రకారం ఆయన మాటలో తప్పు లేదు. కాని అమ్మగారు ప్రతివారం చివరి బెంచీలో కూర్చుంటున్నారే! ఆమె ముందు కొత్త గిటారు ఎలా ఎత్తుతాము? ఆ కూటంలో రెండు గంటలు మాట్లాడుకొని ఏమీ తేల్చకుండానే లేచాము.

చివరకు ఇంటి సెల్లారులో పని చేసుకొనే ఒక ముసలాయన ఒప్పుకున్నాడు. ముందుగా ఆయన తీగలు తీయకుండానే మెడమీద ఉక్కు బద్ద ఆనించి చూశాడు. ఎందుకని అడిగాము. ఆరు తీగలు కలిసి సుమారు 45 కిలోల బరువుతో మెడను లాగుతాయి. చెక్క మెడలో లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, మెడ అటూ ఇటూ వంగితే తాళంతో తిప్పి సరిచేస్తారు. దీనిలో ఆ కడ్డీ లేదు, అవసరం లేదనుకొని పెట్టలేదు. కనుక మెట్లు వేశాక ఎత్తుపల్లాలు వస్తే మెడను సర్దే దారి లేదు. మెట్లనే ఆకురాయితో రాసి దారికి తేవాలి.

రెండో చిక్కు మెట్లు దిగిన పలక. అది చెక్క కాదు, ఎబొనాల్ అనే నల్లని గట్టి పదార్థం. చెక్క కొంచెం సందు ఇస్తుంది, మెట్టు కింది పళ్ళను కరిచి పట్టుకుంటుంది. ఇది సందు ఇవ్వదు, గట్టిగా లాగితే అంచులు పెచ్చులూడతాయి. అందుకే మెట్లన్నీ పీకవద్దు, అరిగినవే తీద్దాము, తీసిన ప్రతిదానికీ పలక విరిగే భయముంది అన్నాడాయన. ఏడు మెట్లతోపాటు మెడ మొదట్లో ఉండే సున్నా మెట్టు కూడా తీయాలన్నాడు. వ్రేలు పెట్టకుండా వాయించే తీగలన్నీ ఎప్పుడూ దానిమీదే ఆనుకొని ఉంటాయి గనుక అదీ బాగా అరిగింది.

అయితే మెట్లు తీస్తే ఆ గుంటలు కూడా పోతాయి. మా ఇంట్లో ఆమె ఈ సంగతి అమ్మగారిని ఒకసారి అడగనిదే వీల్లేదన్నది. ఇద్దరమూ వెళ్ళి అడిగాము. అమ్మగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఆయన బ్రతికి ఉంటే పదేళ్ళ క్రితమే మార్పించేవారు. చేతిలో డబ్బు లేక ఆగారు," అన్నారు. తీసిన మెట్లు తెచ్చి ఇమ్మంటారా అంటే, "అవి నాకెందుకు, పాట వినిపించండి చాలు," అన్నారు.

పని రెండు రోజులు పట్టింది. వేడి టంకపు కడ్డీని మెట్టుమీద కొద్దిసేపే ఆనించి, కోరల్లాంటి పటకారుతో వెంట్రుక వాసి చొప్పున పైకి లేపాడు. వేడి ఎక్కువైతే అల్యూమినియంకు పలకను అతికించిన జిగురు వదిలిపోతుందట. గాడులు శుభ్రం చేసి, జర్మన్ వెండి కమ్మీ ముక్కలు పలక వంపుకు తగ్గట్టు వంచి, పలుచని జిగురుతో నొక్కి బిగించాడు. పేరుకే వెండి, అందులో ఉన్నది రాగి, నికెల్, జింకు. తరువాత మెట్ల నెత్తిన నల్ల సిరా పూసి చదును చేసే ఆకురాయి నడిపాడు. సిరా పోయిన చోటు ఎత్తు, మిగిలిన చోటు పల్లం. అన్నింటిమీదా సమంగా చెరిగేదాకా రాసి, మెట్ల నెత్తి గుండ్రంగా తీర్చాడు. అంతా చేసి, ఒక్కచోట చిన్న పెచ్చు ఊడింది చూడండి అని తానే చూపించాడు. ఎవరి కంటికీ ఆనదు.

మా వాడు ఇప్పుడు ప్రతి ఆదివారం దానితోనే వాయిస్తున్నాడు. చలికాలంలో మాత్రం ఒక పని ఎక్కువ. కారులో గడ్డకట్టిన అల్యూమినియం వెచ్చబడేకొద్దీ సాగుతుంది, శ్రుతి మారిపోతుంది. అందుకని అరగంట ముందే మందిరానికి వెళ్ళి, పెట్టె తెరిచి, గిటారును ముందు బెంచీమీద ఉంచుతాము. ఆ అరగంట అమ్మగారు దాని పక్కనే కూర్చుంటారు.