అయిదంకెల తాళం

దొంగకని వేసిన తాళం ఇంటివాడినే గుమ్మం బయట నిలబెట్టడం లోకంలో కొత్త సంగతేమీ కాదు. పాత కారు కొన్నవారికి ఆ అనుభవం ఒక్కోసారి రేడియో రూపంలో ఎదురవుతుంది. బ్యాటరీ మార్చి మీట నొక్కితే పాటకు బదులు తెరమీద 'కోడ్' అన్న మాట ప్రత్యక్షమవుతుంది. ఇక ఎన్ని తిప్పలు పడినా అది పలకదు.

ఇది వెనకటి భయానికి పుట్టిన ఏర్పాటు. 1980లలో న్యూయార్కు నగరంలో కార్ల అద్దాలకు 'రేడియో లేదు' అని రాసిన అట్టలు పెట్టుకునేవారు. అద్దం పగలగొట్టకు నాయనా అని దొంగకు పెట్టుకున్న అర్జీ అన్నమాట! రేడియోనే ఊడదీసి చంకన పెట్టుకు తిరిగినవారూ ఉన్నారు. కంపెనీలవారు మరో ఉపాయం పన్నారు. రేడియోకు నిత్యం అందే కరెంటు ఒకసారి తెగితే చాలు, అది మూగనోము పడుతుంది. రహస్యసంఖ్య చెబితేనే నోరు విప్పుతుంది. పలకని సొత్తును కొనేవాడు లేకపోతే దొంగ రాడని ఆశ. ఆలోచన మంచిదే. అయితే తీగ కోసినది దొంగో, బ్యాటరీ మార్చినది మెకానిక్కో తెలుసుకునే వివేకం ఆ పెట్టెకు లేదు.

2007 జనవరిలో, న్యూజెర్సీ చలికి నా కారు బ్యాటరీ ప్రాణం విడిచింది. కారు 1998 నాటి హోండా. అమెరికాలో మనవాళ్ళ కార్ల వంశవృక్షం మీకు తెలిసిందే కదా! ఇండియా వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర నేను కొన్నాను. ఆయన అంతకుముందు వెళ్ళిపోయిన మరొకాయన దగ్గర కొన్నాడు. ప్రెషర్ కుక్కరూ, పరుపూ, కారూ కలిసి చేతులు మారతాయి. కోడు ముద్రించిన చిన్న అట్ట మాత్రం ఏ చేతిలోంచి జారిపోయిందో ఎవరికీ గుర్తుండదు.

రేడియో లేకపోతే కొంప మునగదు. కానీ నా దగ్గర ఒక క్యాసెట్టు ఉంది. నేను దేశం వదిలిన ఏడు నాన్నగారు గజేంద్రమోక్షం పద్యాలు చదివి, రికార్డు చేసి పంపించారు. ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. క్యాసెట్టు పాడే యంత్రం నాకు మిగిలినది ఆ కారులోనిదొక్కటే.

రేడియో మీద అంకెల మీటలు ఆరు, కోడులో అంకెలు అయిదు. అంటే 7,776 అవకాశాలు. వరుసగా పదిసార్లు తప్పితే గంటసేపు ఆగాలి. ఆ లెక్కన అన్నీ నొక్కి చూడాలంటే ముప్పైరెండు రోజులు, రాత్రింబవళ్ళు! గజేంద్రుడి ఓపిక కావాలి.

దగ్గరి దారి ఒకటుంది. రేడియో ఒంటిమీద ఒక సీరియల్ నంబరు ఉంటుంది. మిత్రుడు టార్చి పట్టుకుంటే, వేళ్ళు కొంకర్లు పోతుండగా డాష్‌బోర్డు విప్పి ఆ నంబరు రాసుకున్నాను. డీలరు దగ్గర విడిభాగాల గుమాస్తా రిజిస్ట్రేషను కాగితమూ, లైసెన్సూ అడిగాడు. రెండింటిలో నా ఇంటిపేరు రెండు రకాలుగా ఉంది. ఒకసారి కాగితం వైపు, ఒకసారి నా వైపు చూశాడు. నాకు కోపం రాలేదు. అడిగినవాడికల్లా చెప్పేస్తే ఇక ఆ తాళమెందుకు? చివరికి ఒక చీటీ మీద అయిదంకెలు రాసిచ్చాడు. (తరువాతి కాలంలో హోండా వారు ఈ సంఖ్యను ఇంటర్నెట్టులోనే ఇచ్చే ఏర్పాటు చేశారు.)

డీలరు ఆవరణలోనే కారాపి ఆ అంకెలు నొక్కి, క్యాసెట్టు పెట్టాను. ముందు బుసబుసలు. తరువాత నాన్నగారి దగ్గు. మూడో పద్యం మధ్యలో, దూరం నుంచి అమ్మ, "కాఫీ చల్లారిపోతోంది, వినపడుతోందా?" అంది. ఆయన పద్యం ఆపలేదు.

2011లో ఆ కారును ఒక విద్యార్థికి అమ్మాను. డబ్బు లెక్కపెట్టుకోకముందే అయిదంకెల చీటీ అతని చేతిలో పెట్టాను. "క్యాసెట్టు ప్లేయరా! ఇది దేనికండీ?" అని నవ్వాడు. అయినా చీటీని మడిచి పర్సులో పెట్టుకున్నాడు.