వుర్జ్‌బర్గ్ నుంచి పంటి డాక్టరు కుర్చీ దాకా

జర్మనీ దేశంలో మెయిన్ నది ఒడ్డున వుర్జ్‌బర్గ్ అనే పట్నం ఉన్నది. చుట్టూ కొండలు, కొండవాలుల నిండా ద్రాక్షతోటలు. నదికి ఒక పక్క కొండమీద పాత కోట, రెండో పక్క ఊరు, ఈ రెంటినీ కలుపుతూ ఒక రాతి వంతెన. వంతెనకు రెండువైపులా మహాత్ముల శిలావిగ్రహాలు వరసగా నిలబడి, వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తున్నట్టుంటాయి. 1945 మార్చి 16 రాత్రి బాంబులు పడి ఈ ఊరు చాలా భాగం కాలిపోయింది. అయినా ఊరివాళ్ళు ముఖ్యమైన పాత కట్టడాలను మళ్ళీ లేవదీసుకున్నారు.

మా అబ్బాయిని చూడటానికి జర్మనీ వెళ్ళినప్పుడు నేను ఈ ఊరు చూశాను. యాత్రికులు సాధారణంగా కోటకూ, రాజభవనానికీ పోతారు. నేను మాత్రం రైలు స్టేషనుకు దగ్గిరలోనే ఉన్న ఒక పాత భవనం వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ వీధి పేరు రాంట్‌జెన్ రింగ్. ముప్పయ్యేళ్ళు పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పినవాడికి అది పుణ్యక్షేత్రం వంటిది.

పూర్వం ఆ భవనంలో విశ్వవిద్యాలయం వారి భౌతికశాస్త్రశాల ఉండేది. ప్రొఫెసరు విల్‌హెల్మ్ రాంట్‌జెన్ అక్కడనే ప్రయోగాలు చేసేవాడు. ఆయన కాపురం కూడా ఆ భవనంలోనే, పై అంతస్తులో. 1895 నవంబరు 8 సాయంత్రం ఆయన గాలి తీసేసిన ఒక గాజుగొట్టానికి నల్లటి అట్ట చుట్టి, గది చీకటి చేసి, గొట్టంలోకి విద్యుత్తు పంపాడు. అట్టలోంచి వెలుతురు ఏమీ బయటికి రాలేదు. కాని కొంచెం దూరంలో ఉన్న ఒక తెర మిలమిల మెరిసింది! ఆ తెరకు వెలుగు తగిలితే మెరిసే రసాయనం పూసి ఉన్నది.

కంటికి కనపడని కిరణమేదో అట్టను దాటి వచ్చిందని రాంట్‌జెన్ గ్రహించాడు. అదేమిటో తెలియదు గనక, లెక్కల్లో తెలియని రాశికి పెట్టినట్టే దానికి ‘ఎక్స్’ అని పేరు పెట్టాడు. ఆపైన కొన్ని వారాలపాటు ఆయనకు అదే ధ్యాస. డిసెంబరు 22న తన భార్య చేతిని ఫోటో పలక మీద పెట్టించి, ఆ కిరణాలు ప్రసరింపజేశాడు. ఫోటోలో వేళ్ళ ఎముకలూ, వేలి ఉంగరమూ స్పష్టంగా కనిపించాయి. ఆ ఫోటో నకలు ఇప్పటికీ వచ్చినవాళ్ళను నిలబెట్టేస్తుంది.

ఈ కిరణాల మీద రాంట్‌జెన్ హక్కులేవీ దాచుకోలేదు, పేటెంటు తీసుకోలేదు. 1901లో భౌతికశాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. ఆ డబ్బు కూడా ఆయన వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయానికే ఇచ్చేశాడు. ఆయన దాచుకోకపోవటం మూలాన, ప్రపంచంలో ఎవరైనా సరే ఈ కిరణాలను వాడి చూడటానికి వీలు కలిగింది.

అలా వాడి చూసినవారిలో పంటి డాక్టర్లు ముందువరసలో ఉన్నారు. ఎందుకో తెలుసా? పన్ను అన్నది పైకి కనిపించేది కొంతే. దాని వేరు ఎముకలో పాతుకుని ఉంటుంది. రెండు పళ్ళ నడుమ పుట్టిన పిప్పి అద్దానికి అందదు. నా చిన్నతనంలో మా ఊళ్ళో ఒక పెద్దమనిషి దవడ నొప్పితో, ఏ పన్నో తేల్చుకోలేక, అనుమానమున్న పన్ను పీకించుకున్నాడు. మర్నాడు నొప్పి ఎక్కడిదక్కడే ఉన్నది. మంచి పన్ను మాత్రం పోయింది. లోపల చూసే సాధనం లేకపోతే ఇంతే మరి!

వుర్జ్‌బర్గ్‌కు ఉత్తరంగా, అదే జర్మనీలో, బ్రౌన్‌ష్వైగ్ అనే ఊరు ఉన్నది. అక్కడి పంటి డాక్టరు ఒట్టో వాల్‌ఖోఫ్ రాంట్‌జెన్ కబురు విన్న కొద్దిరోజులకే, 1896 జనవరిలో, ఒక చిన్న గాజుపలకను వెలుతురు సోకకుండా చుట్టి తన నోట్లోనే పెట్టుకున్నాడు. కదలకుండా 25 నిమిషాలు ఆ కిరణాల ముందు ఉన్నాడు. పళ్ళ ఎక్స్-రే ఫోటో ఆవిధంగా పుట్టింది. ఇవాళ అదే ఫోటోకు ఒక్క సెకను కూడా పట్టదు.

కాని ఈ దారిలో ముళ్ళు కూడా ఉన్నాయి. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ పట్నంలో ఎడ్మండ్ కెల్స్ అనే పంటి డాక్టరు ఉండేవాడు. ఆ దేశంలో పళ్ళకు ఎక్స్-రే వాడిన మొదటివారిలో ఆయన ఒకడు. గొట్టం సరిగా పని చేస్తున్నదో లేదో చూడటానికి ఆయన మాటిమాటికీ తన చేతినే కిరణాలకు అడ్డం పెట్టేవాడు. ఈ కిరణాలు ఒంటికి హాని చేస్తాయని ఆ రోజుల్లో ఎవరికీ సరిగా తెలియదు. ఏళ్ళ తరవాత ఆ చేతికి కాన్సరు వచ్చింది. ముందు వేళ్ళు, తరవాత చెయ్యి పోగొట్టుకుని, ఎంతో బాధపడి ఆయన 1928లో మరణించాడు. కెల్స్ వంటివాళ్ళు చాలామంది ఉన్నారు. జర్మనీలోనే, హాంబర్గ్ నగరంలో, ఈ కిరణాలకు బలి అయిన అన్ని దేశాలవారి పేర్లు చెక్కి 1936లో ఒక స్మారకశిల నిలబెట్టారు. ఇవాళ మనకు తెలిసిన జాగ్రత్తలన్నీ వాళ్ళు ప్రాణాలు పెట్టి నేర్పిన పాఠాలే.

అందుచేత ఆ తరవాత శాస్త్రజ్ఞులు ముఖ్యంగా ఆలోచించినది ఒకటే: అతితక్కువ కిరణాలతో స్పష్టమైన ఫోటో ఎట్లా తీయటం? గాజుపలక పోయి ఫిల్ము వచ్చింది. ఫిల్ము నానాటికీ చురుకైనది అయింది. అయినా దాన్ని చీకట్లో మందునీళ్ళలో ముంచి, కడిగి, ఆరబెట్టాలి. బొమ్మ చెడితే మళ్ళీ తీయాలి.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విలర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అనే ఇద్దరు వెలుతురును విద్యుత్తుగా మార్చే ఒక చిన్న సిలికాను పలక కనిపెట్టారు. దీనికే వాళ్ళకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. ఫ్రాన్సులో టూలూజ్ పట్నానికి చెందిన పంటి డాక్టరు ఫ్రాన్సిస్ మూయెన్ ఇటువంటి పలకనే నోట్లో పెట్టి ఎక్స్-రే తీసే సాధనం రూపొందించాడు. అది 1987లో వచ్చింది. దాని పేరు రేడియో విజియో గ్రఫీ. మన ఊళ్ళలో పంటి డాక్టర్లు ‘ఒక ఆర్.వి.జి. తీద్దాం’ అంటూ ఉంటారు. ఆ మూడు అక్షరాలూ అక్కడినుంచి వచ్చినవే!

మీరు డాక్టరు కుర్చీలో కూర్చున్నారనుకోండి. అగ్గిపెట్టెకన్న చిన్నదైన ఒక పలకకు శుభ్రమైన ప్లాస్టిక్ తొడుగు వేసి, పన్ను వెనక పెడతారు. గొట్టం బుగ్గ దగ్గిరికి తెస్తారు. ‘కదలకు’ అని డాక్టరు దూరంగా జరుగుతాడు. మిమ్మల్ని చూసి భయపడి కాదు! దూరం రెండింతలైతే కిరణాల బలం నాలుగో వంతు అవుతుంది. మీకు ఎప్పుడో ఒక ఫోటో. ఆయన రోజూ ఎన్నో తీయాలి గదా.

బుగ్గలోంచీ, చిగుళ్ళలోంచీ కిరణాలు సులువుగా దాటి పోతాయి. పన్ను గట్టిది గనక చాలా కిరణాలను ఆపేస్తుంది. పలకలో ముందుగా ఒక పొర కిరణాలను వెలుగుగా మారుస్తుంది. సిలికాను ఆ వెలుగును విద్యుత్తుగా మారుస్తుంది. కంప్యూటరు ఆ విద్యుత్తును చుక్క చుక్కకూ ఒక అంకెగా రాసుకుంటుంది. కిరణాలు బాగా పడిన చుక్క నల్లన, పడనిచోటు తెల్లన. అంకెలతో రాసిన బొమ్మ గనకనే దీన్ని డిజిటల్ అన్నారు. కొద్ది క్షణాలలో బొమ్మ తెరమీదికి వస్తుంది. పెద్దది చేసి చూడవచ్చు, దాచిపెట్టి వచ్చే ఏటి బొమ్మతో పోల్చవచ్చు, దూరానున్న మరొక డాక్టరుకు పంపవచ్చు.

ఆ బొమ్మలో ఏమేమి కనిపిస్తాయి? పంటి పైపొర తెల్లగా, పిప్పి నల్లని మచ్చగా, లోహం నింపిన పన్ను అన్నిటికన్న తెల్లగా కనిపిస్తాయి. వేరు చివర చీము పట్టి ఎముక కరిగితే అక్కడ నల్లని వలయం ఉంటుంది. పంటి వేరులో మందు పెట్టేటప్పుడు అది చివరిదాకా చేరిందో లేదో ఇందులోనే చూస్తారు. నోరంతా ఒకేసారి చూడాలంటే తల చుట్టూ తిరిగే పెద్ద యంత్రం ఉన్నది. దాన్ని ఓ.పి.జి. అంటారు. అడ్డం తిరిగిన జ్ఞానదంతం దొంగలా దాక్కున్నా దానికి దొరికిపోతుంది.

అన్నిటిలోకీ ముచ్చటైనది ఆరేడేళ్ళ పిల్లల దవడ ఫోటో. పైన పాలపళ్ళు వరసగా ఉంటాయి. వాటి కింద, ఎముకలో, రాబోయే పెద్దపళ్ళు తమ వంతుకోసం వేచి ఉంటాయి! పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవేగదా అని పెద్దలు ఊరుకోకూడదని ఆ ఒక్క ఫోటో చెబుతుంది. పాలపన్ను వేళ్ళు చీముపడితే, కింద ఎదిగే పన్నుకు కూడా ముప్పే.

ఇక భయం సంగతి. నేలలోంచీ, ఆకాశంలోంచీ, తినే తిండిలోంచీ రోజూ మనకు కొంత కిరణశక్తి తగులుతూనే ఉన్నది. ఒక చిన్న డిజిటల్ పంటి ఫోటోలో తగిలేది సుమారుగా ఒక రోజులో సహజంగా తగిలేటంతే. అందుకనే, గొట్టం కిరణాలను పంటిమీదకే సరిగా గురిపెట్టేటప్పుడు సీసపు కప్పు అవసరం లేదని 2024లో అమెరికా పంటి డాక్టర్ల సంఘం వారు చెప్పారు. మన దేశంలో ఈ యంత్రాలు అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల కింద పని చేస్తాయి.

అయినా, తక్కువ గదా అని ఊరికే తీయించుకోకూడదు. బొమ్మ సులువుగా వస్తుంది గనకనే ‘ఇంకొకటి, ఇంకొకటి’ అనిపిస్తుంది. అదీగాక, చాలా చిన్న పిప్పి ఈ బొమ్మలోనూ కనపడదు. డాక్టరు కన్నూ, చెయ్యీ ముందు, ఫోటో తరవాత. అందుచేత తల్లిదండ్రులు మొహమాటపడకుండా, ‘డాక్టరుగారూ, ఈ ఫోటో ఎందుకు తీస్తున్నారు? పాతది పనికిరాదా?’ అని అడగాలి. మంచి డాక్టరు సంతోషంగా చెబుతాడు. కారణం ఉన్నప్పుడు పిల్లలు భయపడనూ కూడదు, కదలనూ కూడదు. కదిలితే బొమ్మ చెడుతుంది, మళ్ళీ తీయవలసివస్తుంది. ఒక్క క్షణం బొమ్మలా కూర్చుంటే చాలు. ఆ తరవాత తెరమీద మీ పళ్ళను మీరే చూసి, పిప్పి ఎక్కడున్నదో డాక్టరుకన్న ముందు చెప్పటానికి ప్రయత్నించండి.