పడిన నలభై, లేవాల్సిన అరవై ఏడు

మా ఇంట్లో సేద్యం లెక్కలు రాసేది నేనే. డిగ్రీ చదివినవాణ్ణని నాన్న నా మాటకు విలువ ఇస్తాడు. ఆ నమ్మకం మీదే మా కుటుంబం ఏడాది కష్టానికి గండి కొట్టాను.

2024లో క్వింటాలు 20 వేల దాకా పలికిన తేజ మిర్చి, మరుసటేడు కోతల నాటికి 12 వేలకు దిగింది. 2025 ఫిబ్రవరిలో మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం ప్రకటించిన ధర కూడా 11,781 రూపాయలే. కల్లంలో కాయ ఎండింది, తాలు ఏరడం అయింది, టిక్కీల్లో (బస్తాల్లో) నింపి కుట్టించాం. “మార్కెట్ యార్డుకు తోలేద్దామా?” అన్నాడు నాన్న. “ధర నలభై శాతం పడింది నాన్నా. మళ్లీ నలభై పెరిగితే పాత ధర వచ్చేస్తుంది. ఏసీ గిడ్డంగిలో పెడదాం” అన్నాను.

నేను ఘోరంగా తప్పింది అక్కడే. పడిన నలభై శాతం 20 వేల మీద లెక్క, అంటే 8 వేలు. పెరగాల్సిన నలభై శాతం 12 వేల మీద లెక్క. అది 4,800 మాత్రమే. నేను ఆశించినట్టే పెరిగినా ధర 16,800 దగ్గర ఆగుతుంది. 20 వేలు అందాలంటే 12 వేల మీద 8 వేలు పెరగాలి. 8ని 12తో భాగించి వందతో హెచ్చిస్తే దాదాపు 67 శాతం. రెండుసార్లూ నలభై అనే అంకె చూశాను గానీ, దేని మీద నలభై అని ఆలోచించలేదు.

రెండో తప్పు ఇంకా ఖరీదైంది. పెట్టుబడికి తెచ్చిన అప్పుకు రెండు రూపాయల వడ్డీ. నూటికి నెలకు రెండు అంటే చిన్నగానే వినిపిస్తుంది, ఏడాదికి 24 శాతం! ఎనిమిది నెలలు ఆగి 14 వేలకు అమ్మాం. 12 వేల మీద 2 వేలు పెరిగింది, 16.7 శాతం. సరుకు అప్పుడే అమ్మి అప్పు కట్టి ఉంటే, ఎనిమిది నెలల వడ్డీ నూటికి 16 చొప్పున క్వింటాలుకు 1,920 రూపాయలు మిగిలేది. ఆగినందుకు దక్కింది 80 రూపాయలు. ఏసీ అద్దెకు, హమాలీకి అది ఎక్కడ చాలుతుంది?

పత్తి రైతులకూ ఈ శాతాల లెక్క అవసరమే. పొడవు పింజ పత్తి మద్దతు ధర 2024–25లో 7,521, ఆ తర్వాతి ఏడు 8,110. పెరిగిన 589ని పాత ధరతోనే భాగించాలి, 7.8 శాతం వస్తుంది. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ఎంత దాటిందో అంత శాతం కోత పడుతుంది. 12 దాటితే అసలు కొనరు. 12 శాతం తేమ ఉన్న పత్తికి నాలుగు శాతం, అంటే 8,110 మీద క్వింటాలుకు 324 రూపాయలు పోతుంది. ఇంటి దగ్గర రెండు ఎండలు పడనిస్తే ఆ డబ్బు మనదే.

సరుకు ఆపుదామనుకుంటే ముందు కాగితం మీద మూడు అంకెలు రాయండి: ఈ రోజు ధర, ఆపే అన్ని నెలలకూ ఆ ధర మీద పడే వడ్డీ, ఏసీ అద్దె. ఆ మూడూ కూడితే వచ్చిన దానికంటే తక్కువకు అమ్మితే నష్టమే. ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల ఉంటే, ఆ లెక్క ఆమె చేత ఇంకోసారి వేయించండి.