తొమ్మిది మందికి మించని అడవి

అమెరికాలోని మినెసోటా రాష్ట్రానికి ఈశాన్య మూలన, కెనడా సరిహద్దు వెంట దాదాపు 240 కిలోమీటర్ల పొడవున వ్యాపించిన బౌండరీ వాటర్స్ రక్షితారణ్యం సుమారు 11 లక్షల ఎకరాల విస్తీర్ణం కలది. అందులో వెయ్యికి పైగా సరస్సులు, వాటిని కలిపే ఏరులు, వాటి నడుమ పైన్, స్ప్రూస్, బర్చ్ చెట్ల అడవి ఉన్నాయే తప్ప ఊరు గాని, దుకాణం గాని లేవు. భూమిపై అతి ప్రాచీనమైన శిలల్లో ఒకటైన కెనడియన్ షీల్డ్ అనే రాతినేలను హిమానీనదాలు గీరి, తొలిచి, సుమారు 10,000 సంవత్సరాల క్రితం వెనుకకు తగ్గినప్పుడు ఆ గుంటలలో నిలిచిన నీరే నేటి సరస్సులుగా మారింది. ఇక్కడ ప్రయాణ సాధనం కెనూ, అంటే రెండు కొనలూ మొనదేలి, ఇద్దరు లేక ముగ్గురు తెడ్లతో నడుపుకొనే తేలికైన సన్నని పడవ. ఒక సరస్సు ముగిసినచోట పడవను నీటిలోంచి తీసి, బోర్లించి భుజాలకెత్తుకొని, కాలిబాటన తరువాతి సరస్సు దాకా మోసుకుపోవాలి. ఈ మోతకూ, మోసే దారికీ కూడా పోర్టేజ్ అనే పేరు వాడుకలో ఉంది. దారుల పొడవును నేటికీ రాడ్ అనే పాత కొలతలోనే చెబుతారు. పదహారున్నర అడుగుల రాడ్ ఇంచుమించు ఒక కెనూ పొడవుంటుంది గనుక, పటం చూసే యాత్రికుడికి దారిలో ఎన్ని పడవల దూరం ఉన్నదో వెంటనే బోధపడుతుంది.

ఈ అరణ్యానికి వచ్చేవారు ఏకాంతం కోసం వస్తారని సాధారణంగా చెబుతారు. అది నిజమే గాని, ఇక్కడి జీవితాన్ని దగ్గరగా గమనిస్తే అంతకన్నా విశేషమైన విషయం ఒకటి కనిపిస్తుంది. ఒకరి ముఖం ఒకరు దాదాపుగా చూడని మనుషులు ఇక్కడ ఒక సమాజంగా బతుకుతారు, ఆ సమాజంలోని కట్టుబాట్లన్నీ ఇంకా రాని మనిషిని ఉద్దేశించినవి. అరణ్యమంతటా 2,000కు పైగా నిర్ణీత విడిదులు ఉన్నాయి. ప్రతి విడిదికీ ఒక ఇనుప జాలీ పొయ్యి, కొంత లోపలికి నడిస్తే పైకప్పు లేని ఒక మరుగుదొడ్డి, ఇవి తప్ప మరే సౌకర్యమూ ఉండదు. పొయ్యిలో నిప్పును నీళ్లు పోసి చేతికి వెచ్చదనం తగలనంతవరకు చల్లార్చాలి, గిన్నెలు సరస్సులో కడగక నీటి అంచుకు చాలా ఎడంగా కడగాలి, పచ్చి కొమ్మ నరకక నేలరాలిన ఎండుకట్టెలే ఏరుకోవాలి, పారవేయగల గాజుసీసాలను, డబ్బాలను అసలు లోపలికి తీసుకురాకూడదు. ఇవన్నీ ప్రభుత్వ నియమాలే అయినా, వాటిని అమలు చేసే అటవీ ఉద్యోగి ప్రయాణమంతటిలో ఒక్కసారి కూడా ఎదురుపడకపోవచ్చు. నియమంలో లేని మర్యాదలూ ఉన్నాయి: పోర్టేజ్ రేవులో సామాను ఒక పక్కకు సర్ది వెనుక వచ్చేవారికి చోటు విడవడం, తల మీద పడవ ఉన్నవాడికి ఇరుకు దారిలో తప్పుకోవడం, విడిది విడిచి వెళ్లేముందు పొయ్యి పక్కన కాసిన్ని పుల్లలు పేర్చిపోవడం. వానలో తడిసి చీకటివేళ ఆ విడిదికి చేరిన అపరిచితుడికి ఆ పొడిపుల్లలు ఎంతటి ఆదరమో చెప్పనక్కరలేదు.

ఈ దారులు వేసినవారు ఎవరన్న ప్రశ్నను యాత్రా గ్రంథాలు తరచు తొందరగా దాటవేస్తాయి. ఒజిబ్వే అనే ఆదిమజాతి ప్రజలు బర్చ్ చెట్టు బెరడును దేవదారు ఈనెలపై కప్పి, స్ప్రూస్ వేళ్లతో కుట్టి, జిగురుతో అతుకులు పూడ్చి చేసిన కెనూలే ఈ నీటిదారులకు మూలం. 18వ శతాబ్దంలో బీవర్ అనే జంతువు బొచ్చుతోలు వర్తకానికై వచ్చిన ఫ్రెంచి కెనడియన్ పడవకూలీలు, వారినే వాయజర్లు అంటారు, ఆ పడవలనూ ఆ దారులనూ ఆ ప్రజల నుంచే నేర్చుకొని, ఒక్కొక్కటి 40 కిలోలకు పైబడిన మూటలను సాధారణంగా రెండేసి చొప్పున వీపున మోసేవారు. అమెరికా, బ్రిటన్‌ల మధ్య 1842లో కుదిరిన వెబ్‌స్టర్–ఆష్‌బర్టన్ ఒప్పందం ఈ నీటిదారినే సరిహద్దుగా స్థిరపరచి, మామూలుగా వాడే పోర్టేజ్‌లు ఇరుదేశాల పౌరులకూ తెరిచి ఉండాలని నిర్దేశించింది. 1854 ఒప్పందం ద్వారా ఒజిబ్వేలు ఈ భూమిని అమెరికా ప్రభుత్వానికి వదులుకొనవలసి వచ్చినా, ఇక్కడ వేటాడే, చేపలు పట్టే, అడవి పంటలు సేకరించే హక్కులను నిలుపుకొన్నారు. గ్రాండ్ పోర్టేజ్, బోయ్ ఫోర్ట్, ఫాండ్ డు లాక్ వర్గాలకు చెందిన వారి వారసులకు ఆ హక్కులు నేటికీ చెల్లుతున్నాయి. అందువల్ల దీనిని మనిషి అడుగు పడని అడవిగా వర్ణించడం అందంగా ఉండవచ్చు గాని, ఆ వర్ణనలో ఒక జాతి చరిత్ర మరుగున పడుతుంది.

వరి అన్నం తినే తెలుగువారికి ఒజిబ్వేల మనోమిన్ గురించి వేరుగా చెప్పడం అవసరం. లోతు తక్కువైన, మెల్లగా కదిలే నీటిలో తనంత తానుగా మొలిచే ఈ ధాన్యపు గడ్డి మన వరికి దూరపు చుట్టమే గాని అదే మొక్క కాదు. ఆగస్టు చివర, సెప్టెంబరులో ఒకరు పొడవాటి గడతో పడవను మెల్లగా తోస్తుండగా, రెండవవారు రెండు తేలికపాటి కర్రలతో కంకులను పడవలోకి వంచి తట్టుతారు. పండిన గింజ పడవలో రాలుతుంది, కొంత నీటిలో పడి మరుసటి ఏటికి విత్తనమవుతుంది. నీటిమట్టం కొద్దిగా పెరిగినా ఈ పంట దెబ్బతింటుంది. నీటి మీద ఆహారం పెరిగే చోటు దొరికేవరకు పడమటికి సాగిపొమ్మని పూర్వులకు ఆదేశం అందిందన్నది ఒజిబ్వేల వలసగాథ. అన్నాన్ని వెదుక్కుంటూ దేశం దాటిన ప్రజల గాథగా అది ప్రవాసులను ప్రత్యేకంగా ఆకట్టుకుంటుంది.

ఈ సరస్సుల నీటిమట్టాల చుట్టూనే 20వ శతాబ్దపు పెద్ద పోరాటం నడిచింది. 1909లో ఇక్కడ సుపీరియర్ జాతీయారణ్యం ఏర్పడింది. అదే ఏడాది కెనడా వైపున క్వెటికో కూడా రక్షిత ప్రాంతమైంది. 1920లలో కాగితపు పరిశ్రమాధిపతి ఎడ్వర్డ్ బాకస్ సరిహద్దు సరస్సులకు వరుసగా ఆనకట్టలు కట్టి విద్యుత్తు తీయాలని పథకం వేయగా, ఎర్నెస్ట్ ఓబర్‌హోల్ట్జర్ నాయకత్వంలోని ప్రకృతి ప్రేమికులు దానిని ఎదిరించారు. ఫలితంగా 1930లో వచ్చిన షిప్‌స్టెడ్–న్యూటన్–నోలన్ చట్టం అక్కడి సమాఖ్య ప్రభుత్వ భూములలో తీరానికి 400 అడుగుల లోపు కలప నరకడాన్ని నిషేధించి, సహజ నీటిమట్టాలను మార్చరాదని శాసించింది. ఆ తరువాత నీటిమీద వాలే చిన్న విమానాలు జాలరులను లోపలి సరస్సులకు చేరవేయడం మొదలుపెట్టగా, 1949లో అధ్యక్షుడు ట్రూమన్ ఈ అరణ్యంపై 4,000 అడుగులకు దిగువన విమానాలు ఎగరరాదని ఉత్తర్వు జారీచేశాడు. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కొన్ని మినహాయింపులతో దీనిని రక్షితారణ్యంగా గుర్తించింది. 1978 చట్టం కలప నరకడాన్ని ముగించి, మోటారు పడవలను కొన్ని సరస్సులకే పరిమితం చేసింది.

ఈ రక్షణకు మూల్యం చెల్లించినవారు స్థానికులేనన్న మాటను కూడా న్యాయంగా చెప్పాలి. ఇనుప గనులతో పెరిగిన ఈలీ అనే చిన్న పట్టణంలో ఎందరికో విడిది గృహాలు, మోటారు పడవలు, కలప పని జీవనాధారాలుగా ఉండేవి. అదే ఊరి కళాశాలలో బోధించి, అరణ్య రచయితగా దేశమంతటా పేరు పొందిన సిగర్డ్ ఓల్సన్ 1977లో జరిగిన బహిరంగ విచారణలో పూర్తి రక్షణను సమర్థించినందుకు ఆయన దిష్టిబొమ్మను ఆయన ఊరిలోనే వేలాడదీశారు. ఆ పట్టణపు మనసులో ఆ గాయం పూర్తిగా మానిందని చెప్పలేము. ఈలీ సమీపాన రాగి, నికెల్ గనుల ప్రతిపాదన వచ్చినప్పుడు అదే చీలిక తిరిగి కనిపించింది: ఆ ఖనిజాలు గంధకంతో కలిసి ఉండడం వల్ల తవ్విన రాయి గాలికీ నీటికీ తగిలితే ఆమ్లం పుట్టి సరస్సులలోకి ప్రవహిస్తుందన్న భయం ఒకవైపు, యువతకు ఉద్యోగాలు కావాలన్న ఆరాటం మరొకవైపు నిలిచాయి. 2023లో సమాఖ్య ప్రభుత్వం సుమారు 2,25,000 ఎకరాలలో 20 ఏళ్లపాటు కొత్త గనుల లీజులను నిలిపివేసింది. వివాదం మాత్రం ఆగలేదు.

అరణ్య చట్టాలకూ మనుషుల ఆప్యాయతకూ మధ్య ఒక సయోధ్య సాధ్యమేనని చూపిన జీవితం డొరొతీ మోల్టర్‌ది. నర్సు శిక్షణ పొందిన ఈమె 1930లలో చికాగో ప్రాంతం వదిలి, నైఫ్ సరస్సులోని పైన్ చెట్ల దీవిలో స్థిరపడింది. దారితప్పినవారికి, గాయపడినవారికి అక్కడ ఆమె చికిత్స చేసేది. విమానాలు ఆగిపోవడంతో శీతల పానీయాల సరఫరా కూడా ఆగిపోగా, మిగిలిన ఖాళీ సీసాలలో రూట్ బీర్ అనే మత్తులేని తీపి పానీయాన్ని తానే తయారుచేసి, చలికాలంలో సరస్సు నుంచి కోసి దాచిన మంచుగడ్డలతో చల్లబరచి, ఎండలో తెడ్డు వేసుకొచ్చే యాత్రికులకు ఇచ్చేది. అరణ్య చట్టం ప్రకారం నివాసాలన్నీ తొలగించవలసి వచ్చినప్పుడు ఆమె కోసం ప్రజలు అర్జీలు పెట్టగా, జీవితాంతం అక్కడే ఉండడానికి ప్రభుత్వం అంగీకరించింది. 1986లో ఆమె మరణించాక అభిమానులు ఆమె కుటీరాలను విప్పి, మంచు గడ్డకట్టిన సరస్సుల మీదుగా ఈలీకి తరలించి మ్యూజియంగా నిలిపారు.

మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈలీ కారులో నాలుగు గంటలకు పైబడిన దూరం. వారికి ఈ అరణ్యం పెట్టే మొదటి పరీక్ష సంఖ్య విషయంలో వస్తుంది: నీటిమీద గాని, పోర్టేజ్‌లో గాని, విడిదిలో గాని ఒకేచోట తొమ్మిది మందికి, నాలుగు పడవలకు మించరాదు. మే నుంచి సెప్టెంబరు వరకు ఒక్కొక్క ప్రవేశద్వారం గుండా రోజుకు ఇన్ని బృందాలే లోపలికి వెళ్లాలన్న పరిమితి కూడా ఉంది. కార్తీక వనభోజనాలకు ఎంతమంది వస్తే అంత నిండుదనమని భావించే సమాజానికి, స్నేహబృందాన్ని రెండుగా చీల్చి వేరువేరు సరస్సులకు పంపవలసి రావడం మొదట కష్టంగానే ఉంటుంది. కాని పెద్ద సభలలో పలకరింపులతోనే ముగిసే పరిచయాలు, రెండు కుటుంబాలు కలిసి మూటలు మోసి, వానలో ఒకే టార్పాలిన్ కింద వండుకు తిన్నప్పుడు వేరే లోతును పొందుతాయి; ప్రవాస సమాజానికి ఈ రకపు చిన్న కూడికలు నేడున్న వాటికన్నా చాలా ఎక్కువగా కావాలి.

భోజనం విషయంలో తెలుగువారికి ఇబ్బంది లేదు. డబ్బాలూ సీసాలూ వద్దన్న నియమానికి అటుకులు, ఉప్మారవ్వ, కందిపొడి, ఎండబెట్టిన పులిహోర పులుసు చక్కగా ఒదుగుతాయి. అయితే వాసన పట్టి వచ్చే నల్ల ఎలుగుబంట్ల నుంచి కాపాడటానికి ఆహారమంతా రాత్రివేళ చెట్టుకొమ్మకు ఎత్తుగా వేలాడదీయాలి, లేదా ఎలుగు తెరవలేని పెట్టెలో పెట్టాలి. అసలైన జాగ్రత్త నీటి విషయంలో అవసరం. కాలువలూ చెరువులూ ఉన్న ఊళ్లలో పుట్టినా ఈత రానివారు మనలో చాలామంది. పైగా మే నెలలో మంచు కరిగిన కొత్తలో ఈ సరస్సులలో పడితే ఈత వచ్చినవాడి కండరాలు కూడా కొద్ది నిమిషాలలో మొద్దుబారుతాయి. ప్రతి మనిషికీ ఒక లైఫ్ జాకెట్ ఉండాలని, పదేళ్ల లోపు పిల్లలు దానిని తొడుక్కునే ఉండాలని మినెసోటా చట్టం చెబుతున్నా, పెద్దలు కూడా నీటిమీద ఉన్నంతసేపు దానిని విప్పకూడదు.

పిల్లల సంగతి వేరు. మినెసోటాలో పెరిగిన ఎందరో పిల్లలు వైఎంసీఏ వంటి సంస్థలు నడిపే వేసవి శిబిరాలలో కెనూ నడపడం, మోయడం, పటం చూసి దిక్కు తెలుసుకోవడం నేర్చుకొంటారు. కెనూలో దారి మళ్లించే బాధ్యత అమరంలో, అంటే పడవ వెనుక భాగాన, కూర్చున్నవారిది. అణియంలో, అంటే ముందు భాగాన, కూర్చున్నవారు బలంగా తెడ్డు వేస్తూ నీటి అడుగున రాళ్లున్నాయేమో చూసి చెప్పాలి. ఇలా నేర్చుకొన్న పిల్లలున్న తెలుగు కుటుంబం యాత్రకు బయలుదేరినప్పుడు శిక్షణ పొందిన అమ్మాయి అమరంలో, తండ్రి అణియంలో కూర్చోవడమే క్షేమకరం. ఎటు తెడ్డు వేయాలో ఆమె చెబుతుంది, ఆయన వేస్తాడు.