గుమ్మం బయట పదమూడో ఎక్కం

ముప్ఫై ఏళ్ళ పైచిలుకు బడిపంతులుగా పనిచేసి, ఈ మధ్యనే విశ్రాంతి తీసుకున్నాను. ఆ ముప్ఫై ఏళ్ళలో పిల్లల్ని కేకలేసిన సందర్భాలు కొల్లలు. చాలావాటిని వాళ్ళూ మరిచిపోయి ఉంటారు, నేనూ మరిచిపోయాను. ఒక్కటి మాత్రం తలపుకొచ్చినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

అది 2006వ సంవత్సరం. తణుకు దగ్గర పెద్దరోడ్డును ఆనుకుని ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి నాది. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు ఉన్న శ్లాబు గదిలో నలభైమంది పిల్లలు. రోడ్డు వైపు రెండు కిటికీలు, పెరటి వైపు రెండు, శ్లాబుకు కాస్త కిందుగా నాలుగు వెంటిలేటర్లు ఉండేవి. కట్టిన మేస్త్రీని తప్పు పట్టడానికి లేదు. కిటికీలు ఎదురెదురుగా ఉన్నాయి కనుక ఒక వైపు నుంచి వచ్చిన గాలి మరో వైపు నుంచి పోతుంది. పిల్లల ఒంటి వేడికి తేలికై పైకి లేచిన గాలి వెంటిలేటర్ల గుండా బయటపడుతుంది. గాలి రాకపోకలకు కావలసిన దారులన్నీ ఆయన పెట్టే వెళ్ళాడు.

వాటన్నిటినీ మూసింది నేను.

రోడ్డు వైపు కిటికీలు తెరిస్తే దుమ్ము, లారీల మోత. అంతకంటే, పాఠం మధ్యలో పిల్లల చూపులు బయటికి పోతాయని నా బాధ. పెరటి వైపున మధ్యాహ్న భోజనం వండేవారు. మన రాష్ట్రంలో బడుల్లో వేడి అన్నం పెట్టడం 2003లో మొదలైంది కాని, మా బడికి అప్పటికింకా గ్యాసు పొయ్యి రాలేదు. సరుగుడు కట్టెలు, కొబ్బరి మట్టలు పెట్టి వండితే పొగంతా గదిలోకే. అందుకని ఆ కిటికీలూ పొద్దున్నే బిగించేసేవాణ్ణి. వెంటిలేటర్లలో పావురాలు గూళ్ళు పెడుతున్నాయని అట్టముక్కలు కొట్టించాను. ఒక్కొక్కటిగా చూస్తే ప్రతి పనికీ తగిన కారణమే ఉంది. అన్నీ కలిపితే మాత్రం ఆ గది మూతపెట్టిన గుండిగ అయింది. పన్నెండున్నరకల్లా పొయ్యి ఆరిపోయేది. అయినా కిటికీలు మళ్ళీ తెరవాలన్న ఆలోచన నాకు ఒక్కనాడూ రాలేదు.

వెనక వరుసలో గోడ పక్కన కూర్చునే పిల్లవాడొకడు ప్రతి మధ్యాహ్నం రెండు దాటేసరికి కునికేవాడు. మొదట మందలించాను. తరువాత చెవి మెలిపెట్టాను. వాళ్ళ నాన్నను పిలిపించి, "మీవాడికి చదువు మీద ధ్యాస లేదండీ" అని నలుగురి ముందూ చెప్పాను. ఆయన తలవంచుకుని వెళ్ళిపోయాడు. ఆ తలవంపు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

ఒకరోజు విసిగిపోయి వాణ్ణి వరండాలో నిలబెట్టాను. పావుగంట పోయాక గుమ్మంలోంచే పదమూడో ఎక్కం అడిగాను. గదిలో పదమూడు మూళ్ళ దగ్గరే తడబడేవాడు, తప్పులేకుండా చివరిదాకా చెప్పాడు. భయం పనిచేసిందని సంతోషించాను. ఆ ఏడాది పొడుగునా అదే మందు వాడాను.

2020లో కరోనా వచ్చింది. తలుపులూ కిటికీలూ తెరిచి ఉంచండని అందరూ చెప్పడం మొదలైంది. అప్పటికి నేను వేరే ఊరి బడిలో ఉన్నాను. 2022లో మా మేనల్లుడు ఒక చిన్న యంత్రం తెచ్చిచ్చాడు, గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎంతుందో చూపించేది. ఆరుబయట గాలిలో అది పది లక్షల వంతులకు సుమారు 420 వంతులు. పొద్దున్న బడి తెరవగానే మా గదిలోనూ ఇంచుమించు అంతే చూపింది. కిటికీలన్నీ మూసి ఒక్క పీరియడు పాఠం చెప్పాను. నలభై నిమిషాలకు అంకె 2400 దాటింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఫ్యాను ఉన్న గాలినే తిప్పుతుంది తప్ప కొత్త గాలిని తేదు కదా. అప్పుడు ఎదురెదురు కిటికీలు నాలుగూ తెరిపించాను. పావుగంటలో అంకె 900కు దిగింది.

ఆ వాయువు ఆ మోతాదులో విషమేమీ కాదు. అది కొలబద్ద మాత్రమే. మనం వదిలే ఊపిరిలో అది సుమారు నాలుగు శాతం ఉంటుంది. ఆ లెక్కన 2400 అంటే, ఆ గదిలో పీల్చే ప్రతి ఇరవై ఊపిర్లలో ఒకటి అప్పటికే ఎవరో పీల్చి వదిలినదన్నమాట. పిల్లల్లో ఒకరికి తట్టు గాని, క్షయ గాని, కరోనా గాని ఉంటే అది మిగతావారికి చేరేది ఆ ఊపిరిలోనే. పాతగాలితో పాటు వేడి, చెమట, ఉక్క కూడా పేరుకుంటాయి. తలనొప్పి, మగత, ధ్యాస నిలవకపోవడం అక్కడే మొదలవుతాయి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో పెటెన్‌కోఫర్ అనే శాస్త్రవేత్త 1858లోనే గదిలో ఈ వాయువు 1000 వంతులు దాటకూడదన్నాడు. జపాను వాళ్ళు బడిగదులకు 1500 హద్దు పెట్టుకున్నారు. అంతదూరం ఎందుకు, మా తాతగారు చదివిన వీధిబడి అరుగు మీదే సాగేది. ఆ చదువులో ఎన్ని లోపాలున్నా గాలికి మాత్రం లోటు లేదు.

ఆ పిల్లవాడి నిద్రకు గాలి ఒక్కటే కారణమని నేననను. అన్నం తిన్న మగత ఉండవచ్చు. తెల్లవారకముందే లేచి ఇంట్లో ఏ పని చేసివచ్చేవాడో నేనెన్నడూ అడగనే లేదు. కాని వరండాలోకి వెళ్ళగానే వాడి తల ఎందుకు తేటపడిందో మాత్రం, ఆ యంత్రంలో అంకె దిగుతుంటే నాకు తెలిసింది.

నిరుడు తణుకు బస్టాండులో ఒక యువకుడు వచ్చి నమస్కారం పెట్టాడు. గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. ట్రాక్టర్లు బాగుచేసే పని చేస్తున్నాడట. టీ తాగుతూ, ఆనాటి శిక్ష సంగతి ఎత్తి, తప్పు చేశానురా అన్నాను. వాడు నవ్వేశాడు.

"అదేంటి మాస్టారూ, మీరెప్పుడు బయటికి పంపుతారా అని చూసేవాణ్ణి. అక్కడ హాయిగా ఉండేది."

నేను నవ్వలేకపోయాను. వాళ్ళ నాన్న ఎలా ఉన్నారని అడిగాను. పోయి మూడేళ్ళయిందన్నాడు. ఆయనకు చెప్పవలసిన మాట ఇక నా దగ్గరే ఉండిపోయింది.

మీలో పంతుళ్ళు ఎవరైనా ఉంటే ఒక్క విన్నపం. పొగ వస్తున్నంతసేపూ ఆ వైపు కిటికీ మూయండి, తప్పులేదు. పొయ్యి ఆరగానే తెరవండి. వెంటిలేటర్లకు అట్టలు తీసి వలలు కొట్టించండి, పావురాలు రావు, గాలి వస్తుంది. పీరియడుకూ పీరియడుకూ మధ్య ఐదు నిమిషాలు రెండువైపులా తలుపులూ కిటికీలూ బార్లా తీయండి. ఇంత చేసినా ఎవరైనా కునికితే, అప్పుడు పక్కన కూర్చుని, రాత్రి నిద్రపోయావా నాన్నా అని అడగండి.