పటాన్‌చెరు నుంచి పస్తాపూర్ దాకా

హైదరాబాద్ నుంచి ముంబయి హైవే మీద జహీరాబాద్ వెళుతుంటే, విత్తనం దాచే పద్ధతులు రెండు ఒకే దారిలో తగులుతాయి. నగరం దాటీ దాటకముందే పటాన్‌చెరులో ఇక్రిశాట్. 1972లో పుట్టిన ఆ సంస్థ జన్యుబ్యాంకులో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు 1.20 లక్షలకు పైనే ఉన్నాయి. దీర్ఘకాలం ఉంచాల్సిన వాటికి మైనస్ 20 డిగ్రీల చలిగది. మరో గంటన్నర ముందుకెళ్తే జహీరాబాద్ పక్కన పస్తాపూర్. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలున్నవి ఈ చుట్టుపక్కల పల్లెల్లోనే. సభ్యుల్లో ఎక్కువమంది ఎకరం, రెండెకరాల చెలకలున్న దళిత మహిళలు. వాళ్ల బ్యాంకు పేడతో అలికిన వెదురుబుట్ట. లోపల గింజలతో వేపాకు, బూడిద. ఎండిన పూత మీద అలికిన వేళ్ల చారలు అలాగే ఉన్నాయి. చలిగదిలో గింజ దశాబ్దాలు ఆగుతుంది. బుట్టలో గింజకు అంత ఓపిక లేదు, ఏడాది రెండేళ్లలో నేలలో పడాల్సిందే. చూడగానే లోపమనిపించే ఈ తొందరే దాని బలమని నా వాదన. ఏటా విత్తుతారు కాబట్టి ఆ గింజ ఆ ఏటి వానను, పురుగును ఎదుర్కొంటుంది. తట్టుకున్న చేలోంచి మంచి కంకులు ఏరి మళ్లీ విత్తనానికి దాస్తారు. పటాన్‌చెరు గది అనవసరమని దీనర్థం కాదు, ఊళ్లో పోయిన రకాన్ని తిరిగి ఇవ్వగలిగేది అదే. కానీ చలిలో ఉన్నంతకాలం ఆ గింజ మారిన వానకాలాన్ని ఎరగదు.

దిగుబడి మాటేమిటంటారా? ఎకరానికి ఒక పంట ఎన్ని క్వింటాళ్లని లెక్కేస్తే ఈ చేలు ఓడిపోతాయి, దాచడమెందుకు. అయితే ఇక్కడ ఒకే చెలకలో కొర్ర, జొన్న, కంది, అనుము, పెసర కలిసి ఉంటాయి. కొర్ర మూడు నెలల్లో ఇంటికొస్తుంది, కంది సంక్రాంతి దాకా నిలబడుతుంది. నడుమ వాన మొహం చాటేస్తే అన్నీ ఒకేసారి పోవు. పత్తి చేతికి డబ్బిస్తుంది, నిజమే. కానీ దాని హైబ్రిడ్ గింజ దాచి వేస్తే మళ్లీ అదే పంట రాదు గనక ఏటా ఆ డబ్బులోంచే విత్తనాల ప్యాకెట్లు కొనాలి.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన అభ్యంతరం మరొకటి. 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తుంటే, సామలు దంచుకునేదెవరు? కంచంలోంచి పోయిన పంట చేలోంచీ పోతుంది. 1990ల్లోనే సంఘాలు దీన్ని పసిగట్టాయి. బీళ్లు దున్నించి, పండిన జొన్నను ఊళ్లోని పేదలకే చౌకగా పంచాయి. రేషన్ బియ్యాన్ని తప్పుపట్టలేం, ఆకలి తీరుస్తోంది. అదే దుకాణంలో ఆ ప్రాంతపు జొన్న కూడా దొరికితే బుట్టలో గింజకు గిరాకీ పుడుతుంది. 2001 నాటి చట్టం రైతుకు విత్తనం దాచుకునే, పంచుకునే హక్కిచ్చింది, తినేవాళ్లను మాత్రం ఇవ్వలేదు. సంక్రాంతికి మొదలయ్యే ఈ సంఘాల పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద గింజలు ఊరూరా తిరిగేది ఆ తినేవాళ్ల కోసం కూడా.