సంచిలో బియ్యం

చర్మవ్యాధుల్లో పీజీ చేసేటప్పుడు కోల్‌కతాలో ఉండేవాణ్ణి. నదియా జిల్లా నుంచి ఒక రైతు మా ఓపీకి వచ్చేవాడు. నలభై అయిదేళ్లుంటాయి. చొక్కా విప్పితే ఛాతీ నిండా మచ్చలు, దుమ్ములో తొలకరి చినుకులు పడ్డట్టు. అరచేతులు కాకరకాయ తొక్కలా బొడిపెలు కట్టి, పట్టుకుంటే నా వేళ్లకు గరుగ్గా తగిలేవి. 1980ల్లో అక్కడి చర్మవైద్యుడు కె.సి. సాహా ఇలాంటి రోగుల్ని చూసే, బోరునీళ్లలో ఆర్సెనిక్ ఉందని పట్టుకున్నారు. అందుకే మా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: తాగేది ఏ నీళ్లు?

ఈయన చేతిపంపు నీళ్లు మానేసి రెండేళ్లయింది. అయినా మూత్రంలో ఆర్సెనిక్ తగ్గలేదు. ఒంట్లోకి వెళ్లినదాంట్లో ఎక్కువ భాగం కొద్దిరోజుల్లోనే మూత్రంలో పోతుంది. తగ్గలేదంటే రోజూ వస్తోందన్నమాట. చాటుగా ఆ నీళ్లే తాగుతున్నాడనుకుని గద్దించాను. తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

తర్వాతిసారి నాకోసం చిన్న సంచిలో బియ్యం తెచ్చాడు. "మా పొలంవే డాక్టర్‌బాబూ, బోరో పంట." బోరో అంటే అక్కడ ఎండాకాలంలో కోతకొచ్చే వరి. దానికి తడి అంతా తక్కువ లోతు బోర్లదే. ఆ సంచి చేతికొచ్చాకే అన్నం గురించి అడిగాను. మూడు పూటలా అన్నమే. పొద్దున పాంతాభాత్, అంటే మన చద్దన్నమే.

"వండేది ఏ నీళ్లతో అమ్మా?" అని ఆయన భార్యను అడిగాను.

"పంపు నీళ్లతోనే బాబూ. ఆ మంచినీళ్లు తాగడానికే చాలవు."

వంట నీళ్లలోనే కాదు, బియ్యంలోనూ ఆర్సెనిక్ ఉంటుంది. నీళ్లు నిలిచిన మడిలో మట్టికి గాలి ఆడదు. అప్పటిదాకా ఇనుప తుప్పుకు అంటుకుని ఉన్న ఆర్సెనిక్ విడివడి నీళ్లలో కలుస్తుంది. వరికి సిలికా కావాలి. కాడకు బలం, ఊకకు గరుకుదనం దానివల్లే. సిలికా కోసం వేరు తెరిచి ఉంచుకున్న దారుల్లోనే, నీళ్లలో అచ్చం దానిలా ఉండే ఆర్సెనిక్ కూడా దూరిపోతుంది. జపాన్‌లో జియాన్ ఫెంగ్ మా అనే శాస్త్రవేత్త బృందం 2008లో ఈ సంగతి తేల్చింది.

మడి ఆరబెడితే ఆర్సెనిక్ తగ్గుతుంది. కానీ నేలలో కాడ్మియం ఉంటే అప్పుడది వేరెక్కుతుంది. జపాన్‌లోనే, టొయామాలో, కాడ్మియం ఉన్న గని వ్యర్థాలు కలిసిన జింజు నది నీళ్లతో పండిన బియ్యం తిని ఎందరో ఆడవాళ్ల ఎముకలు విరిగాయి. ఆ జబ్బుకు వాళ్ల మూలుగే పేరయింది: ఇటాయ్ ఇటాయ్, నొప్పి నొప్పి. అది కాలుష్యం తెచ్చిన జబ్బని అక్కడి ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో.

రైతు భార్యకు చెప్పాను: బియ్యం కడగడానికీ వండడానికీ కూడా మంచినీళ్లే వాడాలి, ఎసరు ఎక్కువ పెట్టి గంజి వార్చి పారబోయాలి. పంపు నీళ్లతో వారిస్తే లాభం లేదు, అందులోని ఆర్సెనిక్‌ను అన్నమే పీల్చుకుంటుంది. షుగర్ రోగులకు నేను దంపుడు బియ్యం చెబుతుంటాను. తవుడులో ఆర్సెనిక్ ఎక్కువ కాబట్టి వీళ్లకు మాత్రం వద్దన్నాను. ఎండాకాలం వరి మాని, చలికాలంలో ఆవాలో మసూరో వేసుకోమన్నాను.

ఆయన అరచేతులు చూసుకుంటూ కాసేపు కూర్చున్నాడు.

"నేను తినకుండా అమ్మేస్తే, కొనుక్కున్నవాళ్లు తింటారు కదా బాబూ?"

సంచి ఇంకా నా ఒళ్లోనే ఉంది.